కారు కొనుట, కారు నిలుపుకొనుట

ఆదోని పత్తి మార్కెట్టులో సరకు కొను వ్యాపారి కుప్ప పైనున్న పత్తిని చూచి ధర కట్టడు. లోపలికి చేయి పోనిచ్చి గుప్పెడు తీసి, పింజను వ్రేళ్ల నడుమ సాగదీసి, తేమ యెంత, చెత్త యెంత అని చూచిన తరువాతనే మాట విప్పును. ఎమ్మిగనూరులో మగ్గము నెరిగిన ఇల్లాలు చీర రంగును చూచి మోసపోదు. అంచు తిప్పి, వెనుక వైపు నేత చూచి, అప్పుడు బేరమాడును. సరకు చూచుటలో ఇంతటి నేర్పు గల ఊళ్లివి. అయినను, ఇంటి తరువాత మన కుటుంబములు కొను వస్తువులలో అన్నిటికంటె ఖరీదైన కారు విషయమున మాత్రము మనలో పెక్కురు రంగును, మెరుపును, పొరుగువారి మాటను నమ్మి నిర్ణయించుకొనుచున్నాము.

కారు కొనుట ఒక్కనాటి పని వలె కనబడును. నిజమునకు అది పది పదునైదేండ్లపాటు సాగు నిర్ణయముల వరుస. ఎంత పెట్టవలెను, ఎట్టిది కొనవలెను, అప్పు ఎంతకాలము, కాగితములు ఎవరి పేర, బండి ఎవరి చేతికి, ఎప్పుడు అమ్మవలెను అను ప్రశ్నలు ఒకదాని వెనుక నొకటి వచ్చును. మేము చూచినంతలో, తరువాత మేలనిపించుకొన్న నిర్ణయములన్నియు గడ్డురోజును ముందుగా తలచుకొని చేసినవే. చెడ్డవనిపించుకొన్నవి చాలవరకు మంచిరోజు ఉత్సాహములో చేసినవి. ఈ వ్యాసమున ఆ గడ్డురోజులను ఒక్కొక్కటిగా ముందు పెట్టుకొని, వానికి తగిన నిర్ణయములేవో విచారింతము.

పూర్వము ఈ విచారణకు అంతగా అవకాశము లేకుండెను. 1957లో కలకత్తా సమీపమున ఉత్తరపారాలో అంబాసిడర్ కారు తయారీ మొదలయ్యెను. బొంబాయిలో ఫియట్, 1961 నుండి మద్రాసులో స్టాండర్డు హెరాల్డు తయారైనవి. కొనువారి యెదుట నున్నవి ఈ రెండు మూడు పేర్లే. పేరు నమోదు చేయించుకొని సంవత్సరముల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. అందువలన నాటి కొనుగోలుదారు రెండే ప్రశ్నలు వేసికొనెను: మా ఊరి గుంతల దారిలో ఇది నడుచునా? చెడిపోయినచో మా ఊరి మెకానిక్కు బాగుచేయగలడా? అంబాసిడర్ 2014 వరకు తయారగుచుండుటకు కారణములలో ఈ రెండవ ప్రశ్నకు అది చెప్పిన సమాధానము ముఖ్యమైనది.

1983 డిసెంబరు 14న ఢిల్లీలో మొదటి మారుతి 800 తాళపుచెవి ఒక సామాన్య కొనుగోలుదారు చేతికి అందెను. సుమారు 50 వేల రూపాయల ధరకు వచ్చిన ఆ చిన్నకారుతో కారు మధ్యతరగతి ఇంటి వాకిట నిలిచెను. 2019లో మన రాయలసీమలోనే, పెనుకొండ సమీపమున, కియా సంస్థవారి కర్మాగారము నుండి కార్లు వెలువడసాగెను. నేడు బండ్లకు కొరత లేదు, అప్పునకు కొరత లేదు. తొందరపాటు నుండి మనలను కాపాడుచుండిన ఆ నిరీక్షణ మాత్రము పోయినది. కనుక ఆ రెండు పాత ప్రశ్నలకు తోడు మరికొన్నిటిని మనమే వేసికొనవలెను.

మొదటిది డబ్బు. పశ్చిమ కర్నూలు వానలు తక్కువైన సీమ. ఇచ్చట రైతు రాబడి, మండీ వ్యాపారి రాబడి, జిన్నింగు మిల్లు రాబడి, వీరిని నమ్ముకొన్న దుకాణదారుల రాబడి ఒకే త్రాటికి కట్టియున్నవి. 2022 మొదటి నెలలలో ఆదోనిలో పత్తి ధర క్వింటాలు 10 వేల రూపాయలు దాటెను. తరువాతి సంవత్సరమునకే ధర దిగజారెను. 2023-24 పంటకాలమునకు పొడుగు పింజ పత్తికి కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర 7,020 రూపాయలు, 2024-25కు 7,521 రూపాయలు. 2022 నాటి ధరను చూచుకొని ఐదేండ్ల అప్పుపత్రముపై సంతకము చేసిన ఇంటికి ఆ కంతులు 2027 దాక వచ్చుచుండును. ధర పడిన యేడు కంతు తగ్గదు. పంట ఏటికొకసారి, కంతు నెలకొకసారి. ఈ పొంతన కుదరకపోవుటయే మన ప్రాంతమున కారు అప్పునకు గల అసలు చిక్కు.

దీనికి మేము చెప్పగల ఉపాయము సులభమైనది. గడచిన ఐదేండ్లలో అన్నిటికంటె తక్కువ రాబడి వచ్చిన యేటిని తీసికొనుడు. ఆ యేటి రాబడిలో ఇంటి ఖర్చు, పిల్లల చదువు, మరుసటి పంట పెట్టుబడి పోగా ఏమి మిగిలినదో ఆ మిగులులో కంతు ఇమడవలెను. మంచి యేటి డబ్బు కంతులు కట్టుటకు కాదు, ముందుగా చెల్లించు మొత్తమును పెంచుటకు వాడుకొనవలెను. ఆరు నెలల కంతులకు సరిపోవు సొమ్ము విడిగా నుంచుకొన్నవారికి పత్తి అమ్ముడుపోని నెలలలో నిద్ర చెడదు.

అప్పు గడువు విషయమున ఒక లెక్క చూతము. 6 లక్షల రూపాయల అప్పు, ఏటికి తొమ్మిదిన్నర శాతము వడ్డీ అనుకొందము. ఐదేండ్ల గడువునకు నెలసరి కంతు సుమారు 12,600 రూపాయలు. మొత్తము వడ్డీ సుమారు 1 లక్షా 56 వేలు. ఏడేండ్ల గడువునకు కంతు సుమారు 9,800 రూపాయలకు దిగును. వడ్డీ మాత్రము సుమారు 2 లక్షల 24 వేలకు పెరుగును. కంతు తగ్గినదని సంతోషించినవారు దాదాపు 68 వేల రూపాయలు అదనముగా చెల్లించుచున్నారు. అదిగాక ఆరవ, ఏడవ యేండ్లలో పాతబడిన కారు మరమ్మతులు, దాని కంతు రెండును ఒకేసారి మీద పడును. పంటకాలమున కొంత అసలు ముందుగా తీర్చుటకు వీలున్నదా, దానికి రుసుమెంత అని సంతకమునకు ముందే బ్యాంకువారిని అడిగి తెలిసికొనవలెను.

కంతు ఒక్కటే ఖర్చు కాదు. బీమా సంస్థలు చిరకాలముగా వాడుచున్న పట్టిక ప్రకారము ఆరు నెలలు దాటిన కారు విలువలో 15 శాతము తగ్గును. ఏడాది దాటినచో 20, రెండేండ్లు దాటినచో 30, మూడేండ్లు దాటినచో 40, నాలుగేండ్లు దాటి ఐదేండ్ల లోపలనైనచో 50 శాతము తగ్గును. 8 లక్షల కారు ఐదవ యేట 4 లక్షల వస్తువగును. అనగా ఏటికి 80 వేలు, బండి కదలినను కదలకున్నను, కరగిపోవుచున్నవి. దీనికి వడ్డీ, బీమా, సర్వీసు కలిపినచో పెట్రోలు చుక్క పోయకముందే ఏటికి లక్షా ముప్పది, నలుబది వేలు తేలును. ఇంటికి కారు అవసరమైన దినములు ఏటికి ముప్పదియే అయినచో, దినమునకు 3 వేల చొప్పున బాడుగ కారు పెట్టుకొన్నను 90 వేలతో పని తీరును. ఈ లెక్క వేసి కారు కొనకుండుటకు నిశ్చయించుకొన్నవారు కూడ మంచి నిర్ణయము చేసినవారే. అయితే ఇంట వృద్ధులున్నచో, నెలకు రెండుసార్లు కర్నూలు ఆసుపత్రికి పోవలసి యున్నచో, అర్ధరాత్రి వాకిట సిద్ధముగా నున్న బండికి గల విలువ ఈ లెక్కలో రాదు. అది ఎవరి ఇంటి సంగతి వారే తూచుకొనవలెను.

రెండవ ప్రశ్న, ఎట్టి కారు అనునది. చాలమంది ఏటికొకసారి పడు అవసరమును చూచి, దినదినము పడు అవసరమును మరచి కొందురు. శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకు పది మంది కలిసి పోవలెనని ఏడు సీట్ల పెద్దబండి కొని, తక్కిన పదునొకండు నెలలు ఒక్కరే దానిలో కూర్చుండి ఆదోని సందులలో త్రిప్పలేక అవస్థపడుటలో అర్థము లేదు. ఆ ఒక్క దినమునకు పెద్దబండి బాడుగకు దొరకును. దీనికి మారుగా ఐదుగురి కారులో తొమ్మండ్రను క్రిక్కిరిసి కూర్చుండబెట్టుట ఇంకను ప్రమాదకరము. అంత బరువునకు బ్రేకులు ఆలస్యముగా పట్టును, టైర్లు వేడెక్కును, అందరికిని బెల్టు ఉండదు.

డీసెలు, పెట్రోలు విషయమున నోటి లెక్క కంటె కాగితపు లెక్క మేలు. డీసెలు కారు ధర లక్షా పాతిక వేలు ఎక్కువ అనుకొందము. లీటరు పెట్రోలు 110 రూపాయలకు 18 కిలోమీటర్లు, లీటరు డీసెలు 98 రూపాయలకు 22 కిలోమీటర్లు వచ్చుననుకొన్నచో, కిలోమీటరునకు మిగులు సుమారు 1 రూపాయి 66 పైసలు. ఆ లక్షా పాతిక వేలు తిరిగి రాబట్టుకొనుటకు 75 వేల కిలోమీటర్లు నడుపవలెను. ఏటికి 8 వేల కిలోమీటర్లు తిరుగు ఇంటికి తొమ్మిదేండ్లు పైగా పట్టును. వారమునకు నాలుగుసార్లు బళ్లారికో రాయచూరునకో పోవు వ్యాపారికి మూడేండ్లు చాలును. మరియొక సంగతి. 2020 ఏప్రిలు 1 నుండి అమలైన బి.ఎస్. 6 నియమముల ప్రకారము తయారైన డీసెలు కార్ల పొగగొట్టములో మసిని పట్టియుంచు జల్లెడ వంటి సాధనము కలదు. పట్టిన మసి కాలిపోవుటకు బండి అప్పుడప్పుడు కొంతసేపు వేగముగా నడువవలెను. ఇంటి నుండి మార్కెట్టునకు, మార్కెట్టు నుండి ఇంటికి రెండేసి కిలోమీటర్లు మాత్రమే తిరుగు కారులో ఆ సాధనము మూసుకొనిపోయి ఖర్చు తెచ్చును. ఊరిలో తిరుగుటకే కారు కావలెననువారికి డీసెలు తగదు.

ఆదోని నుండి ఎమ్మిగనూరునకు సుమారు 30 కిలోమీటర్లు. ఆలూరు నుండి ఆదోని, ఎమ్మిగనూరుల మీదుగా మంత్రాలయము వైపు పోవు 167వ జాతీయ రహదారిపై ఏ కారైనను నడుచును. రహదారి దిగి పొలముల దారి పట్టువారి సంగతి వేరు. వాన కురిసిన నల్లరేగడిలో బండి అడుగు ఎంత యెత్తున నున్నదో చూచుకొనక తప్పదు. ప్రతిదినము ఈ రెండు ఊళ్ల మధ్య తిరిగి రాత్రి ఇంటియొద్ద నిలుపువారికి విద్యుత్తు కారు కూడ సరిపోవును. అయితే దూరప్రయాణములలో ఎచ్చటెచ్చట ఛార్జి చేసికొనగలమో ముందే చూచుకొనవలెను.

ధర తక్కువ యగుటయే గుణమని భ్రమపడకూడదు. లక్ష రూపాయల కారుగా 2008లో ప్రదర్శింపబడి 2009లో మార్కెట్టులోనికి వచ్చిన టాటా నానో 2018లో తయారీ నిలిచిపోయెను. మోటారుసైకిలుపై నలుగురు కూర్చుండి పోవు కుటుంబమునకు నీడ కల్పించవలెనను దాని ఆశయము గొప్పదే. కాని అన్నిటికంటె చౌక అను పేరు పడిన వస్తువును కొనుటకు జనులు సంకోచించిరి. అమ్మునాడు కొనువారు దొరకుదురా అను ప్రశ్న కొనునాడే వేసికొనవలెనని దీనివలన తెలియుచున్నది. చౌక కొరకు వదలుకొనకూడనిది ప్రాణరక్షణ. ముందు సీట్లు రెండింటికిని గాలి సంచులు 2022 నుండి కొత్త కార్లన్నిటిలో తప్పనిసరి. 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ పేరిట మన దేశమునందే కార్లను ఢీకొట్టించి పరీక్షించి నక్షత్రములిచ్చు పద్ధతి అమలులోనికి వచ్చెను. పైకప్పు అద్దమునకు ఖర్చుపెట్టుటకు ముందు ఆ నక్షత్రములెన్నో చూచుట వివేకము.

విలువ పడిపోవుటను గూర్చి పైన చెప్పితిమి. ఆ నష్టము మొదటి యజమాని భరించిన తరువాత, మూడు నాలుగేండ్ల వయసు గల కారును కొనుట అనేక కుటుంబములకు లాభసాటి. అయితే ఇచ్చట పత్తి వ్యాపారి వలె లోపలికి చేయి పోనీయవలెను. కిలోమీటర్ల మీటరును వెనుకకు త్రిప్పుట కష్టమేమియు కాదు. అందువలన మీటరు చూపు అంకెను సర్వీసు పుస్తకములోని అంకెలతో సరిచూడవలెను. బ్రేకు పెడలుపై రబ్బరు అరిగిపోయి మీటరు మాత్రము 30 వేలు చూపుచున్నచో శంకింపవలెను. తలుపుల రబ్బరు పట్టీల క్రింద, డిక్కీలో చాప క్రింద బురద చారలున్నచో అది నీట మునిగిన బండి కావచ్చును. ప్రొద్దున చల్లని యింజనును మన యెదుటనే మొదటిసారి స్టార్టు చేయించవలెను. మనకు తెలిసిన మెకానిక్కునకు వెయ్యి రూపాయలిచ్చి చూపించుకొనుట, అమ్మువాడు తెచ్చిన మెకానిక్కు మాట ఉచితముగా వినుటకంటె చౌక.

మన ఊళ్లకు సరిహద్దు దగ్గర. బళ్లారి, రాయచూరు సంతలలో చవుకగా దొరకినదని కె.ఎ. 34, కె.ఎ. 36 అంకెల కార్లు కొని తెచ్చుకొనుట మామూలు. ఈ బేరములో దాగిన ఖర్చు కలదు. మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను ప్రకారము ఒక రాష్ట్రములో నమోదైన బండిని మరియొక రాష్ట్రమున 12 నెలలకు మించి ఉంచినచో ఇచ్చటి నంబరు తీసికొనవలెను. దానికి అచ్చటి రవాణా కార్యాలయము నుండి అభ్యంతరము లేదను పత్రము కావలెను. ఇచ్చట బండి వయసును బట్టి జీవితకాలపు పన్ను చెల్లింపవలెను. కర్నాటకములో కట్టిన పన్నులో మిగిలిన భాగమును అచ్చటనే కోరి రాబట్టుకొనవలెను. ఈ మొత్తమును కలుపుకొని ఇంకను చవుకగా నున్నచో బేరము మంచిదే. కలుపుకొనక కొన్నచో, ఏదో ఒకనాడు చెకుపోస్టునొద్ద ఆ లెక్క ఇతరులు వేయుదురు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయమునకు వచ్చితిమి. అది కాగితము. మన ప్రాంతమున బేరములు మాట మీద, మొగమోటము మీద నడుచును. కారు అమ్మి, డబ్బు లెక్కపెట్టుకొని, తాళపుచెవి ఇచ్చునప్పుడు వినబడు మాట ఇది: "కాగితాల్దేముందిలే అన్నా, యాడికి పోతాయి, రేపు చూసుకుందాం." ఆ రేపు నెలలై, యేండ్లగును. కొన్నవాడు ఇంకొకరికి, ఆతడు మరియొకరికి అమ్మును. రిజిస్ట్రేషను పుస్తకములో మాత్రము మొదటివాని పేరే యుండును.

ఇట్టి సంగతియే సుప్రీంకోర్టు వరకు వెళ్లెను. ఉత్తరదేశమున ఒక కారు 2007 నుండి వరుసగా చేతులు మారెను. పేరు మాత్రము మారలేదు. 2009లో ఆ కారు ప్రమాదము చేసెను. అప్పటికి కారుతో ఏ సంబంధమును లేని మొదటి యజమాని, పరిహారము నేనేల ఇయ్యవలెనని వాదించెను. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను: రిజిస్ట్రేషను ఎవరి పేర నున్నదో చట్టము దృష్టిలో వారే యజమాని, ప్రమాదమునకు పరిహారము వారే చెల్లింపవలెను. దెబ్బతిన్న కుటుంబము, కారు ఎవరెవరి చేతులు మారినదో వెదకుచు తిరుగుట న్యాయము కాదని న్యాయస్థానము భావించెను. ఆలోచించినచో అది ధర్మముగనే యున్నది. అయితే ఎన్నడో కారు అమ్ముకొని మరచిపోయిన ఇంటికి, ఎవరో నడిపిన బండి కారణముగా లక్షల రూపాయల పరిహారపు నోటీసు వచ్చుట ఎట్టి దెబ్బయో ఊహించుకొనుడు. ఒక సంతకము వాయిదా వేయుట వలన పొలము అమ్ముకొనవలసిన స్థితి రావచ్చును.

నివారణ కష్టమైనది కాదు. 50వ సెక్షను ప్రకారము, అదే రాష్ట్రములో అమ్మకమైనచో అమ్మినవారు 14 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. కొన్నవారు 30 దినములలో పేరు మార్పునకు కోరవలెను. దీనికి వాడు దరఖాస్తులు 29, 30 అంకెల ఫారములు. సంతకము చేసిన ఖాళీ ఫారములను దళారి చేతిలో పెట్టి ఊరకుండుట అమ్మకము పూర్తియగుట కాదు. పేరు మారినదని కంటితో చూచిన తరువాతనే ఆ కారు మనది కాకుండపోయినట్లు లెక్క. కొన్నవారు బీమాను కూడ 14 దినములలో తమ పేరునకు మార్పించుకొనవలెను. బీమా పాతవారి పేర నుండగా కారు దెబ్బతిన్నచో, ఎదుటివారికి కలిగిన నష్టమునకు బీమా వర్తించినను మన కారు మరమ్మతునకు సొమ్ము రాదు.

ఇంటి పెద్ద మరణించిన తరువాత కారును ఆయన పేరననే నడుపుకొనుట కూడ మన కుటుంబములలో తరచు జరుగునదే. తెలియజేయుటకు 30 దినములు, పేరు మార్చుకొనుటకు 3 నెలలు నియమములలో గడువు కలదు. దానికి 31వ ఫారము. యజమానియే నడుపుచుండగా ప్రమాదము జరిగినచో వర్తించు 15 లక్షల వ్యక్తిగత బీమా, పాలసీలో యజమానిగా నున్నవారికే వర్తించును. తండ్రి పేరన నున్న కారు నడుపు కుమారునికి అది రాదు. 2021 నుండి రిజిస్ట్రేషనులోనే వారసుని పేరు వ్రాయించుకొను వీలు కల్పించిరి, అది వినియోగించుకొనదగినది. అట్లే అప్పు తీరిన తరువాత బ్యాంకువారి పత్రముతో 35వ ఫారము దాఖలు చేసి, రిజిస్ట్రేషనులో బ్యాంకు పేరు తీసివేయించవలెను. లేనిచో అమ్మునాడు బేరము అచ్చటనే ఆగిపోవును.

బీమా విషయమున రెండు మాటలు. కోరిక లేని సంవత్సరములకు ఇచ్చు తగ్గింపు మొదట 20 శాతముతో మొదలై, ఐదేండ్లకు 50 శాతము వరకు పెరుగును. అది కారునకు గాక యజమానికి చెందినది. పాత కారు అమ్మి కొత్తది కొన్నచో వెంట తెచ్చుకొనవచ్చును. చిన్న గీతకు రెండు మూడు వేల కొరకు బీమా కోరి, అంతకంటె పెద్దదైన తగ్గింపును పోగొట్టుకొనకూడదు. గడువు తీరిన పిదప 90 దినములలో పునరుద్ధరింపనిచో ఆ తగ్గింపు పూర్తిగా పోవును.

కంతుల భారము తగ్గించుకొనుటకు తెల్లని నంబరుపలక గల సొంతకారును పెండ్లిండ్లకు, మంత్రాలయ యాత్రికులకు బాడుగకు త్రిప్పుట మరియొక పొరపాటు. అది చట్టవిరుద్ధము, పైగా బాడుగ ప్రయాణములో ప్రమాదము జరిగినచో బీమా సంస్థ నిరాకరించుటకు కారణము చిక్కును. బాడుగకు త్రిప్పదలచినవారు మొదటనే పసుపుపలకతో, తగిన అనుమతితో, తగిన బీమాతో కొనవలెను. పదునాలుగు, పదునైదేండ్ల పిల్లవాడు కారు నడుపుచున్నాడని మురిసిపోవు తల్లిదండ్రులు 2019లో చట్టమునకు చేర్చిన 199ఎ సెక్షను తెలిసికొనవలెను. పిల్లవాడు బండితో నేరము చేసినచో తండ్రియో, బండి యజమానియో 3 సంవత్సరముల జైలుకు, 25 వేల రూపాయల జుల్మానాకు పాత్రుడగును. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ పిల్లవానికి 25వ యేడు వచ్చువరకు లైసెన్సు దొరకదు.

ఇక దినదిన పోషణ. మన ఎండలకు ముందుగా చెడునవి టైర్లు, బ్యాటరీ. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 2423 అని యున్నచో అది 2023వ సంవత్సరము 24వ వారమున తయారైనది. గీతలు అరగకున్నను ఏండ్లు గడచిన రబ్బరు గట్టిపడి పగులును. వేసవిలో గాలి తగ్గిన టైరు ఎక్కువ వేడెక్కి పేలును. కావున నెలకు రెండుసార్లు, బండి నడువక చల్లగా నున్నప్పుడు, గాలి చూపించవలెను. రేడియేటరులో బోరునీరు పోయుట మనవారి అలవాటు. మన నేలలోని ఉప్పునీటికి లోపల పొలుసు కట్టి యింజను వేడెక్కును. తయారీదారు చెప్పిన ద్రవమునే వాడవలెను. దుమ్ము, పత్తి నూగు ఎగురు వీధులలో తిరుగు కారుకు గాలి ఫిల్టరును పుస్తకములో చెప్పిన గడువుకంటె ముందుగానే చూపించుకొనుట మేలు. వెనుక సీటులోని వారును బెల్టు పెట్టుకొనవలెను. ముందు సీటులో పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొనకూడదు. గాలి సంచి విచ్చుకొను వేగమునకు అది పిల్లవానికే హాని చేయును.

కారును అమ్ముటకు తగిన సమయమేది అని పలువురు అడుగుచుందురు. ఏటి మరమ్మతుల ఖర్చు ఆ యేట కారు కోల్పోవు విలువ కంటె తక్కువగా నున్నంతకాలము ఉంచుకొనుటయే లాభము. సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్ల వరకు చెల్లును. తరువాత పరీక్ష చేయించి పొడిగించుకొనవలెను. పొరుగింట కొత్తకారు వచ్చినదను కారణము ఈ లెక్కలో ఎచ్చటను లేదు.

కారు గల ప్రతి ఇంటివారికి మా సూచన ఒకటి. ఈ రాత్రి భోజనమైన తరువాత బీరువాలోని కాగితములను బయటికి తీయుడు. రిజిస్ట్రేషనులో నున్న పేరు, బీమాలో నున్న పేరు, నేడు కారు నడుపుచున్న యజమాని పేరు ఒకటియేనా చూడుడు. బీమా గడువు తేదీ చూడుడు. తీరిన అప్పు ఇంకను నమోదై యున్నదేమో చూడుడు. గతములో అమ్మివేసిన కారు ఏదైన నున్నచో, అది ఇంకను మీ పేరననే యున్నదేమో రవాణా శాఖవారి పరివాహన్ వెబ్‌సైటులో నంబరు కొట్టి తెలిసికొనుడు. పావుగంట పని. తేడా కనబడినచో మరునాడే రవాణా కార్యాలయమునకు దరఖాస్తు చేయుడు.